ఏడు నుంచి ఏడు దాకా: తోకలపల్లి పెద్దలకు ఒక బహిరంగ లేఖ

తోకలపల్లి గ్రామ పెద్దలకు,

రాస్తున్నది నంద్యాల నుంచి. నేను మీకు తెలియను, మీ ఊరు నేను చూడలేదు. కొల్లేటి వైపు, నిడమర్రు మండలంలో ఉందని మాత్రం తెలుసు. 2018 నవంబరులో మీ ఊరి పేరు పేపర్లకెక్కింది, టీవీలకెక్కింది, బీబీసీ దాకా పోయింది. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా ఊళ్లో ఆడవాళ్లు నైటీ వేసుకోకూడదని తొమ్మిది మంది పెద్దలు కూర్చుని కట్టుబాటు పెట్టారు. తప్పితే 2000 రూపాయల జరిమానా. తప్పినామెను పట్టిచ్చిన వాళ్లకు 1000 రూపాయల బహుమానం.

అంత పాత సంగతి ఇప్పుడెందుకంటారా? పోయిన నెల మా వీధి వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ పేపరు ముక్క పెట్టి, ‘ఇట్లాంటి పెద్దలు మన నంద్యాలకూ కావాల’ అని రాశారు. కింద ఏడుగురు దండాల బొమ్మలు పెట్టారు. ఆ ఏడుగురిలో ఇద్దరి ఇండ్లలో ఆడవాళ్లకు నైటీలు కుట్టేది నేనే. ఒకాయన భార్యవి రెండు ఆ రోజు కూడా నా మిషను పక్కన మడత పెట్టి ఉన్నాయి, సాయంత్రం వచ్చి తీసుకుపోయింది. ఆయనకు జవాబు రాద్దామని ఫోను తీసి, మళ్లీ పక్కన పెట్టేశాను. ఆయన మీ మాట మోసినవాడు. మాట మీది. అందుకే ఉత్తరం మీకు.

పుట్టింది ఆళ్లగడ్డలో. పెళ్లయి నంద్యాల వచ్చాను. ఇరవై ఆరేళ్లుగా ఇంట్లోనే మిషను పెట్టుకుని నైటీలు కుడుతున్నాను. జాకెట్లు కూడా కుట్టేదాన్ని, కళ్లు సహకరించక మానుకున్నాను. నైటీ అయితే సగం నిద్రలో కూడా కుట్టగలను. ఆ గుడ్డ గురించి మీకంటే నాకే కాస్త ఎక్కువ తెలుసనుకుంటా, తప్పుగా అనుకోవద్దు.

మంచి వదులు నైటీకి మూడు మీటర్లకు కొంచెం తక్కువ పడుతుంది. చీర అయిదున్నర మీటర్లు, దాని కింద లంగా, పైన జాకెట్టు, అన్నీ కలిపితే ఎనిమిది మీటర్లు దాటుతుంది. గుడ్డ ప్రొద్దుటూరు హోల్‌సేల్ అంగళ్ల నుంచి తెచ్చుకుంటాను. ఎక్కువగా గుజరాత్‌లోని జేత్‌పూర్‌లో అచ్చు వేసిన కాటను. పైన యోకు, దాని కింద కుచ్చులు, ముందు జిప్పో గుండీలో. పాలిచ్చే తల్లులకైతే జిప్పు తప్పనిసరి. మా వైపు చాలామంది ఇండ్లలోకి నైటీ వచ్చిందే కాన్పు సంచిలో. ఆసుపత్రికి పోయేటప్పుడు రెండు కొనుక్కున్నారు, బిడ్డతో తిరిగొచ్చాక విడవలేదు.

ఇన్నేళ్లలో కొలతలు ఇచ్చిన ఏ ఆడమనిషీ నన్ను నిద్ర గురించి అడగలేదు. ‘పండుకున్నప్పుడు సుకంగా ఉండేట్టు కుట్టక్కా’ అన్నామె ఒక్కతి లేదు. వాళ్లు అడిగేవి వేరే. వంగి కసువు ఊడ్చేటప్పుడు గొంతు జారకూడదు. మిద్దె మెట్లు ఎక్కితే అంచు కాలికి తగలకూడదు. బోకులు తోమేటప్పుడు చేతులు పైకి మడిస్తే అక్కడే నిలవాల. తడిస్తే ఒంటికి అంటుకోకూడదు. రంగు ముదురుగా ఉండాల, పసుపూ మసీ కనపడకూడదు. చేతులు కొంచెం పొడుగు పెట్టక్కా, పాలాయన వచ్చినా, గ్యాసాయన వచ్చినా పనికొస్తాది. ఇంక అందరూ, చదువుకున్నామె, చదువుకోనామె, కొత్త కోడలు, ముసలామె, పోతా పోతా గడప దగ్గర నిలబడి గుర్తు చేసేది ఒకటే. జేబు మర్చిపోవాకు.

ఈ వరస మీరే ఇంకోసారి చదవండి. ఇది పడక గుడ్డకు చెప్పే వరసేనా? ఫ్యాక్టరీలో యూనిఫారానికి చెప్పే వరస. దానికి ఇంగ్లీషువాళ్ల పేరు ఒకటి తగులుకుంది, ఆ పేరులో రాత్రి ఉంది, మీరు పేరు చూసి టైము పెట్టారు.

ఆ టైము సంగతే చూద్దాం. పొద్దున ఏడు గంటలు. ఆ గంటకు మీ ఇండ్లలో ఏం జరుగుతుంటుందో మీకు తెలీదని అనుకోను, చూసి ఉండరంతే. మా ఇంట్లో అయితే అయిదుకు లేచి వాకిలి కడిగి ముగ్గేసి, పాలు కాచి, టిఫిను అయ్యి, అన్నం కుక్కరు రెండో కూత వేస్తుంటుంది. క్యారియర్లు సర్దాలి. పిల్లల ఆటో ఏడూ నలభైకి వస్తుంది. కుళాయి నీళ్లు వచ్చేది కూడా సరిగ్గా అప్పుడే. సరిగ్గా ఆ నిమిషంలో స్టవ్వు తగ్గించి, లోపలికి పోయి, లంగా బిగించి, కుచ్చిళ్లు పోసి, పిన్ను పెట్టుకుని రావాలన్నమాట. తర్వాత గుడ్డలు, బోకులు, మధ్యాహ్నం వంట, మిద్దె మీద ఒరుగులు, మళ్లీ సాయంత్రం పనులు. సాయంత్రం ఏడుకు పని ఒక దారికి వచ్చి, మగవాళ్లు ఇల్లు చేరి, టీవీలో సీరియల్ మొదలయ్యే వేళకు మీ నిషేధం ఎత్తేస్తారు. ఇప్పుడు వేసుకోమ్మా అంటారు. ఆ పన్నెండు గంటలూ ఆమె డ్యూటీ అయ్యా. డ్యూటీ అయిపోయినాక యూనిఫారం ఇచ్చే కంపెనీ ఎక్కడా లేదు.

మా ఎండ సంగతి కూడా చెప్పాలి. మీకు పక్కన కొల్లేరు ఉంది. మాకు నల్లమల కొండలు కనపడతాయి గానీ వాటి చల్లదనం ఊళ్లోకి రాదు. ఏప్రిల్ నెలాఖరుకల్లా నంద్యాలలో 45 డిగ్రీలు దాటడం మాకు వార్త కూడా కాదు. కాళ్ల కింద బేతంచెర్ల బండలు కాగుతుంటాయి, నెత్తిన మిద్దె కాగుతుంటుంది, మధ్యలో పొయ్యి. ఆ వేడిలో ఎనిమిది మీటర్ల గుడ్డ చుట్టుకుని రొట్టెలు కాల్చమని చెప్పేవాళ్లు ఒక్క పూట, ఒకే ఒక్క పూట, నడుముకు లంగా బొందు బిగించి పొయ్యి ముందర నిలబడి చూడాలి. బొందు కింద చెమటకు ఒరుసుకుపోయి నల్లగా దద్దు కడుతుంది. మా తరం ఆడవాళ్ల నడుముల మీద ఆ మచ్చ ఉంటుంది. కొలతలు తీసేదాన్ని, నాకు తెలుసు.

మళ్లీ రాత్రి గుడ్డ, పగటి గుడ్డ అన్న మాటకొస్తే, మా వీధి చివర సాయిబుల ఇండ్లు ఉన్నాయి. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఇస్త్రీ చేసిన తెల్ల పైజామా, కుర్తా వేసుకుని జుమ్మా నమాజుకు పోతారు. పైజామా అంటే ఫార్సీ భాషలో కాలి తొడుగు అని అర్థమట, అందులో నిద్ర ఊసే లేదు. మన దేశంలో పగలు వేసుకుని తిరిగే ఆ గుడ్డను తెల్లదొరలు చూసి, వదులుగా బాగుందని ఇంటికి పట్టుకుపోయారు. పోయిన శతాబ్దానికి ముందు శతాబ్దం చివరికల్లా వాళ్ల దేశంలో అది మగవాళ్ల పడక గుడ్డ అయింది. హవాయి దీవుల్లో దీనికి ఎదురు కథ నడిచింది. 1820లో అక్కడికి చేరిన మిషనరీల వెంట వచ్చిన వదులు గౌన్లలో ఒకటి, లోపలికీ పడకకూ అని వాడుకున్నది, కాలం గడిచి ముఊముఊ అనే పేరుతో పగలు వేసుకునే గుడ్డ అయింది, పండగలక్కూడా వేసుకుంటారు. గుడ్డకు రాత్రీ పగలూ తెలీదు. నేను ఇక్కడ కూర్చుని మిషను తొక్కేటప్పుడు ఇదంతా ఆలోచించలేదు లెండి, మా అమ్మాయి చదివి చెప్పింది.

ఇంక జరిమానా. నా దగ్గర గుడ్డతో కలిపి కుట్టిన నైటీ 350 రూపాయలు. మీ 2000తో అయిదు నైటీలు వచ్చి పైన 250 మిగులుతుంది. పట్టిచ్చినామెకు ఇచ్చే 1000కి ఇంకో 50 వేసుకుంటే మూడు నైటీలొస్తాయి. మీరు కోప్పడకపోతే ఒక మాట, ఆ 1000 రూపాయలు అందుకున్న ఏ ఆడమనిషైనా ముందు కొనుక్కునేది అవే.

నవ్వుకు రాశాను గానీ నాకు 2000 కంటే ఆ 1000 మీదే ఎక్కువ కోపం. గోడకు ఆ పక్కన ఈ పక్కన నిలబడి పెరుగు తోడు ఇచ్చుకునేవాళ్లు వీధిలో ఆడవాళ్లు. కరెంటు పోతే, బిడ్డకు జ్వరమొస్తే, మొగుడు తాగి వస్తే ముందు తలుపు తీసేది పక్కింటామె. తీసేటప్పుడు ఆమె ఒంటి మీద నైటీయే ఉంటుంది. ఆమె ఫోనులో ఒక ఫొటో తీస్తే వెయ్యి రూపాయలని మీరు రేటు కట్టారు. అధికారులు మీ ఊరికొచ్చి, ఇట్లాంటి జరిమానాలు చెల్లవని చెప్పి పోయారని పేపర్లోనే చదివాను. సంతోషం. జరిమానా చెల్లకపోయినా, ఆ తొలి నాలుగు రోజులు గోడ మీదుగా ఒకరినొకరు చూసుకున్న చూపును ఏ తహసీల్దారు వెనక్కి తీస్తాడు?

మీ వైపు మాట కూడా చెప్పాలి, లేకుంటే ఉత్తరం ధర్మంగా ఉండదు. మీ ఊళ్లో ఆడవాళ్లు కొందరు కట్టుబాటు మంచిదేనన్నారని పేపర్లు రాశాయి. నమ్ముతాను. నవీ ముంబైలో గోఠివలీ అనే ఊళ్లో 2014లో పగటి నైటీకి 500 జరిమానా అన్నది మహిళా మండలే. ఇంటి పనికి వేరు, నలుగురిలోకి వేరు అని నాకూ పట్టింపు ఉంది. సంతలోకి నైటీతో వచ్చినామెను చూస్తే నా కళ్లు కూడా ఒక్క క్షణం ఆగుతాయి. అయితే ఎక్కువగా నేను చూసేది కుట్టు, నాదా ఇంకొకరిదా అని.

మా పెద్దోడు ఏడో తరగతిలో ఉండగా ఒక రోజు క్యారియర్ మర్చిపోయి పోయాడు. నైటీ మీద చున్నీ వేసుకుని బడి గేటు దాకా పరిగెత్తాను. వాచ్‌మన్ నన్ను పనామె అనుకుని, ‘ఏ సారు ఇంటి నుంచి?’ అన్నాడు. దానికి నవ్వొచ్చింది. సాయంత్రం వాడు ఇంటికొచ్చి, సంచి దించకుండానే, ‘మా, ఇంగెప్పుడన్నా నాయన్ను పంపీ’ అన్నాడు. దానికి నవ్వు రాలేదు. మళ్లీ బడికి ఎప్పుడు పోయినా చీర కట్టుకునే పోయాను. మా ఊరి గోల అనుకున్నాను గానీ, ఇంగ్లండులో డార్లింగ్టన్ అనే ఊళ్లో కూడా 2016లో ఒక హెడ్‌మిస్ట్రెస్, పిల్లల్ని దింపేటప్పుడు పైజామాలతో రావద్దని తల్లిదండ్రులకు ఉత్తరం రాసిందట. ఉత్తరమే రాసింది. సిగ్గుపెట్టాలనుకున్నవాళ్లూ ఉన్నారు. చైనాలో సుజౌ అనే ఊరి అధికారులు 2020 జనవరిలో, వీధిలో పైజామాలతో తిరిగినవాళ్ల ఫొటోలు కెమెరాల్లోంచి తీసి పేర్లతో సహా బయటపెట్టారు. జనం తిట్టిపోస్తే క్షమాపణ చెప్పుకున్నారు. మీ నుంచి నేను అంత దూరం అడగను. కట్టుబాటు రాసుకున్న పుస్తకమేదైనా ఉంటే, ఆ పేజీ ఇంకా ఉందో కొట్టేశారో ఒక ముక్క తెలియజేస్తే చాలు. 2022 ఏప్రిల్ 4న మాది నంద్యాల జిల్లా అయింది, అదే రోజు మీరు ఏలూరు జిల్లాలోకి పోయారు. బోర్డులన్నీ మార్చి రాశారు కదా, ఆ పనిలో పనిగా ఇదీ చెరిపేశారేమోనని ఆశ.

లుంగీల ప్రస్తావన తేను. మీరు తొమ్మిది మందీ ఆ రోజు ఏం కట్టుకుని కూర్చున్నారో నాకు తెలీదు, అడగను కూడా. కానీ మా ఆళ్లగడ్డ గురించి ఒకటి చెబుతాను. నంద్యాల నుంచి కడప రోడ్డున దాదాపు 40 కిలోమీటర్లు. ఊళ్లోకి వస్తుంటేనే ఉలి చప్పుడు వినపడుతుంది. రోడ్డు పక్కన రేకుల షెడ్ల కింద దేవుళ్లూ నాయకులూ నిలబడి ఉంటారు, సగం చెక్కినవాళ్లు పండుకుని ఉంటారు. మా శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక షెడ్డులో చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. అమ్మవారి రాతి పట్టుచీరకు అంచు చెక్కుతుంటాడు శిల్పి, ఒక్కొక్క కుచ్చి విడివిడిగా లెక్కపెట్టుకునేంత శ్రద్ధగా. ఆయన ఒంటి మీద చిల్లుల బనీను, మోకాళ్ల పైకి కట్టిన లుంగీ, ఒళ్లంతా రాతి పొడి. ఆయన్ను చూసి ఎవరూ ఏమీ అనుకోరు. పనిలో ఉన్నాడు గదా అంటారు.

మా అమ్మ ఆ ఊళ్లోనే బతికింది. నేను నైటీలు కుట్టి సంపాదిస్తున్నా తను మాత్రం వేసుకోనంది. ‘నాకెందుకే ఆ గోనెసంచి’ అనేది. 62 ఏళ్లప్పుడు బావి దగ్గర జారి పడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషనైంది. చీర కట్టుకోవడానికి నిలబడలేదు, కట్టించడానికి ఇద్దరు కావాలి. అప్పుడు కుట్టాను, ఆకుపచ్చ మీద తెల్ల చుక్కలది. తలుపు వేయించి, నన్ను అటు తిరగమని, తొడుక్కుంది. చేత్తో పక్కన తడుముకుని, ‘ఇదేందే, ఈడ సంచి కుట్టినావు?’ అంది.

జేబు మా, అన్నాను.

అప్పటిదాకా ఆమె వక్కాకు సంచి రొంటిన దోపుకునేది, చిల్లర కొంగున ముడేసేది, తాళాలు ఎక్కడ పెట్టిందో ఇల్లంతా వెతికేది. చెయ్యి జేబులో పెట్టి కాసేపు అట్లనే ఉంది. తర్వాత వక్కలు అందులోకి మారాయి, తాళాలు మారాయి, మా నాయన పింఛను కాగితం మారింది. మొదటి ఏడాది కూరగాయల బండి వస్తే లోపల్నించే బేరమాడేది. రెండో ఏడాది వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని బేరమాడింది, ఒక చెయ్యి జేబులో. ఆరేండ్లు వేసుకుంది. పోయేనాడు కూడా నైటీలోనే ఉంది. ఊరి ఆడవాళ్లొచ్చి, స్నానం చేయించి, చీర చుట్టారు.

చేని గట్టున సమాధి దగ్గర అమ్మ బొమ్మ పెట్టాలని తమ్ముడు పట్టుబట్టాడు. మా వైపు పెడతారు. ఇద్దరం ఆ షెడ్డుకే పోయాం. శిల్పి ఫొటో అడిగాడు. ఫోన్లో ఆరేండ్ల ఫొటోలున్నాయి, అన్నిట్లోనూ ఆకుపచ్చ, నీలం, వక్కపొడి రంగు నైటీలు. మనవళ్లతో, మేకతో, టీవీ ముందర. ఆయన ఒక్కొక్కటే జరిపి చూసి, ‘మొగం బాగుందమ్మా. గుడ్డ ఎట్ల చెక్కమంటారు, ఇట్లనేనా?’ అన్నాడు. ఎగతాళికి కాదు. రాయి కొలత తెలియాలని అడిగాడు.

తమ్ముడు నా వైపు చూశాడు. చీరే, అన్నాను. కుచ్చిళ్లు బాగా పడేట్టు చూడు నాయనా, అని కూడా అన్నాను. మా పెద్దోడి పెండ్లిలో తీసిన ఫొటో వెతికి పంపాను. ఇరవై ఆరేళ్లు నైటీలు కుట్టిన మనిషి నోరది. ఆ మాట అనేటప్పుడు అందులో మీరు తొమ్మిది మందీ ఉన్నారు.

బొమ్మ బాగా వచ్చింది. ఆకుపచ్చ నైటీ నా మిషను డ్రాయర్లో ఉంది. ఉతికే పెట్టాను గానీ, జేబు మూలలో దారాల మధ్య వక్క ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. తీయలేదు.

ఇట్లు,
నంద్యాల నుంచి,
నైటీలు కుట్టే ఒక ఆళ్లగడ్డ ఆడబిడ్డ